‘శాతనైతలేదు మేడమ్’: ఆరు నెలల ఒక కేసు

పేరు మార్చాను, సుజాత గారు అందాం. వయసు 41. ఎల్బీనగర్‌లో ఇల్లు, హైటెక్ సిటీలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో ఉద్యోగం. పొద్దున మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైన్ మారి మళ్ళీ ఎక్కడం, సాయంత్రం అదే దారిన వెనక్కి. బరువు 62 కిలోలు, బీపీ లేదు, షుగర్ లేదు. నా దగ్గరికి వచ్చింది 2024 ఆగస్టు మొదటి వారంలో. నేను డాక్టర్ని కాదు, డైటీషియన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న క్లినిక్, పద్నాలుగేళ్ళుగా ఇదే పని. ఆవిడ సరేనన్నాకే ఇది రాస్తున్నా. ఇందులో నేనేదో ఘనకార్యం చేశానని కాదు, మొదటి రోజే అడగాల్సిన ఒక ప్రశ్న ఆరు వారాలు అడగకుండా వదిలేశాను, అందుకు రాస్తున్నా.

రావడం రావడమే చేతిలో సంచి నా టేబుల్ మీద బోర్లించింది. బీట్‌రూట్, క్యారెట్, ఆపిల్ పౌడర్ ఒక డబ్బా, అశ్వగంధ క్యాప్సూల్స్, మల్టీవిటమిన్, ఆడవాళ్ళ కోసమే అని రాసున్న ఎనర్జీ పౌడర్, సగం ఖాళీ అయిన ఖర్జూరం ప్యాకెట్, కాల్షియం మాత్రలు. లెక్కేస్తే నెలకు 3,400 రూపాయలు.

“ఇన్ని తింటున్నా శాతనైతలేదు మేడమ్. పొద్దున లేవంగనే అలిసిపోయినట్టు ఉంటది. సాయంత్రం నాలుగు అయ్యేసరికి ఖతం, స్క్రీన్ మీద అంకెలు ఈదుతున్నట్టు కనబడ్తయి.”

ఆఫీసు వాళ్ళు చేయించిన హెల్త్ చెకప్ రిపోర్టు కూడా తెచ్చింది. థైరాయిడ్ బాగుంది, టీఎస్‌హెచ్ 2.6. మూడు నెలల షుగర్ సగటు 5.5. బి12 310. విటమిన్ డి 17, తక్కువే, కానీ ఏసీ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ళలో ఇది ఎంత మామూలు అయిపోయిందంటే నాకిప్పుడు ఆశ్చర్యం కూడా వేయడం లేదు. హీమోగ్లోబిన్ 11.2. పక్కనే చిన్న బాణం గుర్తు. “పదకొండు దాటింది కదా, పర్వాలేదన్నరు” అంది.

పర్వాలేదా అంటే, గర్భం లేని ఆడవాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత 12. దానికి కింద ఉంటే రక్తహీనతే. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మంది ఆ గీతకు కిందే తేలారు. సగం మందికి పైగా ఉన్నదాన్ని ఎవరూ జబ్బు అనరు కదా, ‘ఆడవాళ్ళకు ఉండేదే’ అంటారు. నేనూ ఆ రోజు దాదాపు అలాగే చూశాను. 11.2 ఏముంది, తిండి సర్దితే వచ్చేస్తుందిలే అనుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్ళని నేను మధ్యాహ్నం పూటే రమ్మంటాను, లంచ్ డబ్బాతో సహా. నోటితో చెప్పే తిండికీ డబ్బాలో ఉండే తిండికీ పొంతన ఉండదు. ‘కూరలు బాగా తింటా మేడమ్’ అన్నవాళ్ళ డబ్బా తెరిస్తే కూర ఒక మూల బొట్టు పెట్టినట్టు ఉంటుంది. సుజాత గారిది మూడు గిన్నెల స్టీలు డబ్బా. కింది గిన్నె నిండా అన్నం, వంటింటి కాటా మీద పెడితే 340 గ్రాములు. మధ్య గిన్నెలో దొండకాయ వేపుడు, మహా అయితే రెండు చెంచాలు, అంచున మామిడికాయ పచ్చడి. పైన పెరుగు. అంత అన్నానికి బియ్యం 120 గ్రాముల దాకా పడతాయి, వాటిలో ప్రోటీన్ తొమ్మిది గ్రాములు, పెరుగుతో కలిపితే డబ్బా మొత్తానికి 13 దాటదు. ఆవిడ బరువుకు రోజుకి 51 గ్రాములు కావాలి. పొద్దున ఉప్మా, రాత్రి అన్నం చారు కలుపుకొని చూసినా 35 దగ్గరే ఆగిపోతోంది.

అన్నం మీద నాకు పగేమీ లేదు. కానీ అన్నమే తిని, వెంటనే కుర్చీలో కూర్చుంటే రెండున్నరకు కళ్ళు మూతలు పడకుండా ఎలా ఉంటాయి?

తర్వాత చాయ్. ఇక్కడ కాసేపు ఆగాలి. ఎన్ని అంటే “రెండు మూడు” అంది. పొద్దున లేచినప్పటి నుంచి ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ కాగితం మీద రాయమన్నా. అయిదింటికి ఒకటి, ఉప్మాతో పాటు ఒకటి, పదకొండుకి ఆఫీసులో, భోజనం అవ్వగానే రెండింటికి, నాలుగున్నరకి, ఇంటికొచ్చాక అత్తయ్యతో కూర్చుని ఒకటి. ఆరు. ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అంటే పది గ్రాములు, రోజుకి అరవై గ్రాములు చాయ్‌లోనే పోతోంది. “అయ్యో, గిన్ని తాగుతున్ననా” అని తనే నవ్వింది.

అసలు చిక్కు చక్కెర కూడా కాదు. చాయ్‌లో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ని పట్టేసుకుంటాయి, ముఖ్యంగా పప్పులు, ఆకుకూరలు, ధాన్యాల నుంచి వచ్చే ఐరన్‌ని. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్, 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఈ మాట నేరుగానే ఉంది: భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దు. రోజు మొత్తానికి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని కూడా రాశారు. ఒక కప్పు చాయ్‌లో 30 నుంచి 65 దాకా ఉంటుంది కాబట్టి ఆరు కప్పులు స్ట్రాంగ్‌గా తాగే మనిషి ఆ గీత దాటేసినట్టే. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. ఏడున్నరకు తాగింది అర్ధరాత్రి దాటినా సగం అక్కడే ఉంటుంది.

నిద్ర సంగతి అడిగితే పన్నెండున్నరకు పడుకుని నాలుగుముప్పావుకు లేస్తుందట. కొడుకు ఇంటర్ సెకండియర్, కాలేజీ బస్సు ఆరుంబావుకు. వాడికి టిఫిన్, డబ్బా కట్టాలి. మరి పన్నెండున్నర దాకా ఎందుకు మేలుకోవడం, ఫోనా అంటే కాసేపు మాట్లాడలేదు.

“గది నా టైం మేడమ్. ఒక్క గంట. అందరు పండుకున్నంక ఇల్లు సప్పుడు లేకుండ ఉంటది. ఎవ్వరు నన్ను పిలువరు.”

ఈ మాట విన్నాక ‘పదింటికే పడుకోండి’ అని చీటీ రాసివ్వడం నావల్ల కాలేదు. ఆ గంట తీసేయమంటే తీసేయదు, తీసేసినట్టు నాతో అబద్ధం చెబుతుంది, అంతే. దాన్ని ముందుకు జరపాలి. జరగాలంటే ఇంట్లో ఇంకెవరో ఒక పని అందుకోవాలి. వచ్చేసారి ఆయన్ని కూడా తీసుకురమ్మన్నా.

మొదటి ఆరు వారాలు

కొత్తగా ఏదీ కొనొద్దన్నాను, అది మొదటి మాట. సంచిలోవి కాల్షియం మాత్రలు తప్ప అన్నీ ఆపేయించాను. గ్లాసు బీట్‌రూట్ జ్యూస్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని మనందరి నమ్మకం, కానీ వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. రెండు ఖర్జూరాల్లోనూ అంతే. ఎన్‌ఐఎన్ లెక్కన ఆడవాళ్ళకు రోజుకి కావాల్సింది 29. మగవాళ్ళకు 19. (ఈ పది మిల్లీగ్రాముల తేడాని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దీని దగ్గరికి.)

చాయ్ మానమనలేదు. అయిదింటిదీ, పదకొండుదీ అలాగే ఉంచి, ఉప్మాతో తాగేదీ, ఇంటికొచ్చాక తాగేదీ తీసేసి, రెండింటిదాన్ని మూడుంబావుకి జరిపి, దాన్నీ నాలుగున్నరదాన్నీ కలిపి ఒకటే చేశాం. ఆరు మూడయ్యాయి. చక్కెర ఒక చెంచా. మూడు రోజులు తలనొప్పి వస్తుందని ముందే చెప్పాను, సరిగ్గా మూడో రోజు ఫోన్ వచ్చింది: “తల పగులుతుంది మేడమ్, ఒక్క కప్పు తాగొచ్చా?” కెఫీన్ తగ్గినప్పుడు తల చేసే గోల అది, ఉంటే ఇంకో రెండు రోజులు. అయిదో రోజుకి పోయింది.

డబ్బాలో గుడాలు వచ్చాయి. బొబ్బర్లు, శనగలు, పెసలు, రోజుకొకటి. రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్లో పెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపు వేసి, తినే ముందు నిమ్మకాయ పిండుకోవాలి. నానబెట్టడం ఎందుకంటే గింజల్లో ఐరన్‌ని వదలకుండా పట్టుకునే ఫైటేట్లు కొంత తగ్గుతాయి, నిమ్మరసం ఎందుకంటే సి విటమిన్ ఉంటే ఆ ఐరన్ ఒంటికి ఎక్కువగా ఎక్కుతుంది. నలభై గ్రాముల పొడి గింజలకు ఎనిమిది తొమ్మిది గ్రాముల ప్రోటీన్ వస్తుంది, ఖర్చు పది రూపాయలు కూడా కాదు. అన్నం సగానికి తగ్గించాం. గుడ్డు పెట్టమందామంటే అది శ్రావణ మాసం, వాళ్ళింట్లో గుడ్డు కూడా గడప దాటి రాదు. సరే, వినాయక చవితి దాకా గుడాలూ పెరుగే అనుకున్నాం.

ఈ ప్లాన్ మొత్తంలో సంతోషపడింది అత్తయ్య ఒక్కరే. వాళ్ళది నల్గొండ వైపు. “నేను ముందునుంచి అంటలేనా, జొన్న గట్క, గుడాలు తిని పెరిగినం మేము” అందట. రాత్రి అన్నం బదులు వారంలో మూడు రోజులు జొన్న రొట్టె ఆవిడే చేయడం మొదలుపెట్టింది. డైటీషియన్ ఫీజు దండగ అని కూడా అందట, అది వేరే సంగతి.

నడక విషయంలో నేను ఇచ్చిన సలహా చెత్త సలహా. సాయంత్రం ఎల్బీనగర్ దాకా రాకుండా ఒక స్టేషన్ ముందు, విక్టోరియా మెమోరియల్‌లో దిగి ఇంటికి నడవమన్నాను. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. రాత్రి ఏడున్నరకు, వర్షాకాలంలో, ఆ రోడ్డు పక్కన, హారన్ల మధ్య, లంచ్ బ్యాగు భుజాన వేసుకుని ఎవరు నడుస్తారు? నాలుగు రోజులు నడిచి మానేసింది, మంచి పని చేసింది. దాని బదులు భోజనం అవ్వగానే ఆఫీసు బిల్డింగ్ చుట్టూ పది నిమిషాలు. తిన్న వెంటనే కాళ్ళు కదిలితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా ఉంటుంది, రెండున్నర కునుకు చాలావరకు దానితోనే తగ్గింది. ఇది మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఆయన వచ్చారు. మలక్‌పేటలో ఎలక్ట్రికల్ షాపు, మితభాషి. మీ ఆవిడ నాలుగ్గంటలే నిద్రపోతోంది తెలుసా అంటే “ఎన్నడు చెప్పలే మేడమ్” అన్నారు. బయటికి వెళ్ళేలోపు ఒప్పందం కుదిరింది. రాత్రి గిన్నెలు ఆయనవి, పిల్లాడి టిఫిన్ వారంలో నాలుగు రోజులు ఆయనది. ఆవిడ గంట తొమ్మిదిన్నర నుంచి పదిన్నరకు జరిగింది, తలుపు వేసుకుని. నాలుగుగంటలంబావు ఉన్న నిద్ర ఆరు గంటల దగ్గరికొచ్చింది. ఆయన చేసే ఉప్మా ఉండలు కడుతుందని పిల్లాడు ఇప్పటికీ గొడవ చేస్తున్నాడట.

వీటన్నిటికీ ఒకటే కొలత పెట్టుకున్నాం. పిల్లాడి పాత లాంగ్ నోట్‌బుక్‌లో రోజూ సాయంత్రం నాలుగింటికి పదికి ఎన్ని మార్కులో వేసుకోవడం. మొదటి వారం అన్నీ మూడులే. ఆరో వారానికి నాలుగు, నాలుగున్నర. ఇంత మార్చినందుకు ఇంతేనా అని నాకే అనిపించింది. నిద్ర దాదాపు గంటన్నర పైగా పెరిగింది, తిండి మారింది, చాయ్ సగమైంది, కనీసం ఆరు రావాలి కదా.

అడగని ప్రశ్న

సెప్టెంబర్ మూడో వారంలో అపాయింట్‌మెంట్ ఉండగా ముందురోజు ఫోన్ చేసింది. “రేపు రాలేను మేడమ్, డేట్ వచ్చింది. ఈ రెండు రోజులు ఆఫీసుకే పోలేను, నిలబడితే కళ్ళు తిరుగుతయి.”

అప్పుడు అడిగాను. ఎన్ని రోజులు ఉంటుంది, ఎన్నిసార్లు మార్చుకోవాల్సి వస్తుంది అని. ఎనిమిది రోజులు. మొదటి మూడు రోజులు గంటన్నరకోసారి ప్యాడ్, రాత్రి రెండు కలిపి పెట్టుకోవడం, గడ్డలు. మూడేళ్ళుగా ఇదే. “నలభై దాటితే అందరికీ గిట్లనే ఉంటదేమో అనుకున్న” అంది.

ఆడవాళ్ళకు పది మిల్లీగ్రాములు ఎక్కువ ఎందుకు కావాలి? నెల నెలా పోయే రక్తంతో ఐరన్ పోతుంది కాబట్టి. ఈ ముక్క స్టూడెంట్స్‌కి ఏళ్ళ తరబడి చెప్పిన నేను, 41 ఏళ్ళ మనిషి నీరసమని ఎదురుగా కూర్చుంటే డబ్బాలో అన్నం తూచాను, చాయ్‌లు లెక్కబెట్టాను, ఇది మాత్రం అడగలేదు. నా ఫారంలో ‘పీరియడ్స్ రెగ్యులరా’ అని ఒక గడి ఉంది. ఆవిడ ‘అవును’ అని టిక్ పెట్టింది. నెలనెలా వస్తున్నాయి కాబట్టి రెగ్యులరే మరి. ఫారం తప్పు, ఫారం తయారుచేసింది నేనే.

లెక్క చూడండి. మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ పోతుంది. నెలకు 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ బ్లీడింగ్ కింద లెక్క, ఆవిడ చెప్పినదాన్ని బట్టి చాలా దాటినట్టే. నేను మురిసిపోతూ పెట్టించిన గుడాల్లో ఐరన్ రెండు మిల్లీగ్రాములు, శాకాహారంలోంచి ఒంటికి ఎక్కేది అందులో పదో వంతు కూడా కాదు. చిల్లుపడ్డ బిందెలో చెంచాతో నీళ్ళు పోస్తున్నామన్నమాట.

ఫెరిటిన్ చేయించాం. ఆఫీసు ప్యాకేజీలో ఆ టెస్టు లేదు, చాలా ప్యాకేజీల్లో ఉండదు. 6 వచ్చింది. పెద్దవాళ్ళకు 15 కన్నా తగ్గితే ఐరన్ నిల్వలు అయిపోయినట్టు లెక్క. హీమోగ్లోబిన్ అంటే కుక్కర్లో ఉడికిన అన్నం, ఫెరిటిన్ అంటే మూలన ఉన్న బియ్యం డ్రమ్ము. పూట గడుస్తోంది కదా అని డ్రమ్ము మూత తీసి ఎవరూ చూడలేదు, చేయి పెడితే అడుగు తగులుతోంది.

కొత్తపేటలో నాకు తెలిసిన గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. స్కానింగ్‌లో గర్భసంచిలో మూడు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని గడ్డ, కనిపించింది. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదని చెప్పి, ఆ రోజుల్లో బ్లీడింగ్ తగ్గడానికి మందు, రోజు విడిచి రోజు ఒక ఐరన్ మాత్ర, విటమిన్ డి వారానికోసారి రాశారు. రోజు విడిచి రోజు ఎందుకని సుజాత గారికి అనుమానం, డాక్టర్ పొదుపు చేస్తున్నారా అని. ఒక డోసు పడగానే ఇంకా ఐరన్ రానీయకుండా ఒళ్ళే ఒక రోజు తలుపు దగ్గరికేస్తుంది, అందుకే ఒక రోజు ఆగి వేస్తే ఎక్కువ ఎక్కుతుంది, కడుపుకీ తేలిక అని చెప్పాను.

నా వంతు పని మాత్ర చుట్టూ గీత గీయడం. పొద్దున ఖాళీ కడుపుతో, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవాలి, చాయ్, పాలు దాని దగ్గరికి రాకూడదు. కాల్షియం మాత్రని రాత్రికి మార్చాం, ఆ రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి ఎక్కకుండా కాల్షియం అడ్డుకుంటుంది. ఒక విషయం చెప్పడం మాత్రం ఇద్దరం మర్చిపోయాం, డాక్టర్‌ గారూ, నేనూ. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుందని. రెండో వారంలో అది చూసి హడలిపోయి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేసింది. పది రోజుల తర్వాత నోట్‌బుక్‌లో మార్కులు మళ్ళీ కిందికి పడటం చూసి అడిగితే బయటపడింది. మలబద్ధకం కూడా ఉందట. డాక్టర్‌ని అడిగి మాత్రని టిఫిన్ తర్వాతకి మార్చాం, ఎక్కేది కొంచెం తగ్గుతుంది, అయినా మానేయడం కన్నా నయం. రాత్రిపూట జామకాయ, నీళ్ళు పెంచడం, అంతే.

ఈలోపు అక్టోబర్‌లో బతుకమ్మ. ఎంగిలిపూల రోజు నాలుగు చుట్లు తిరిగి అరుగు మీద కూర్చుండిపోయిందట. నేను ఏవో మంచి వార్తలు వస్తాయని ఎదురుచూశాను, అబద్ధం ఎందుకు. సద్దుల రోజు కూడా కూర్చునే ఉంది, కాకపోతే నువ్వుల సద్ది, పల్లీల సద్ది బాగా తిన్నానని చెప్పింది.

నవంబర్ రెండో వారంలో నోట్‌బుక్‌లో మొదటిసారి ఆరు పడింది. అది కూడా పీరియడ్స్ అయిపోయిన వారంలో, అంతకుముందు ఆ వారం ఎప్పుడూ రెండు, రెండున్నర ఉండేది. డిసెంబర్ అంతా ఆరు, ఏడు మధ్య. 2025 జనవరిలో, సంక్రాంతి అయ్యాక మళ్ళీ టెస్టులు: హీమోగ్లోబిన్ 12.9, ఫెరిటిన్ 28. బరువు అర కిలో తగ్గింది, అది మేం అడగను కూడా అడగలేదు. డ్రమ్ము ఇంకా నిండలేదు కాబట్టి మాత్రలు మరో మూడు నెలలు కొనసాగించమన్నారు డాక్టర్.

ఇదంతా చదివి ఫెరిటిన్ మాత్రమే చూసుకుంటే చాలని ఎవరైనా అనుకుంటారేమో. ఐరన్ మాత్ర చాయ్‌తో వేసుకునే మనిషికి, నాలుగ్గంటలు నిద్రపోయే మనిషికి ఆ మాత్ర ఎంతవరకు పనిచేసేదో నాకు అనుమానమే. ఆరు వారాల్లో మేం మార్చినవి వృథా కాలేదు, వాటికి ఒక హద్దు ఉందంతే. ‘న్యాచురల్‌గానే తగ్గించండి మేడమ్, మందులొద్దు’ అని అడుగుతూ వచ్చేవాళ్ళు నాకు వారానికి ముగ్గురు నలుగురు ఉంటారు, వాళ్ళని సంతోషపెట్టడానికి గుడాల దగ్గరే ఆగిపోతే సుజాత గారి ఫెరిటిన్ ఇప్పటికీ 6 దగ్గరే ఉండేది.

నా ఫారం మార్చాను. ‘రెగ్యులరా’ తీసేసి, ఎన్ని రోజులు, మొదటి రెండు రోజుల్లో ఎన్ని ప్యాడ్లు, రాత్రి లేవాల్సి వస్తుందా అని మూడు గడులు పెట్టాను. గురక పెడతారా అని ఇంకొకటి కూడా, అది ఇంకో కేసు నేర్పిన పాఠం.

సుజాత గారికి ఏప్రిల్‌లో ఫెరిటిన్ మళ్ళీ చేయించాలి, స్కానింగ్ కూడా. నిద్ర ఆరు గంటలు దాటడం లేదు, పిల్లాడి ఎంట్రెన్స్ అయ్యేదాకా దాటదు కూడా, నేనూ గట్టిగా అడగడం మానేశాను. సాయంత్రం చాయ్ ఆదివారాలు మళ్ళీ మొదలైంది, అత్తయ్య ఒక్కతే తాగనంటుందట. జనవరిలో వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగి, “అత్తమ్మకు కూడా ఈ నడుమ మెట్లెక్కితే ఆయాసం వస్తుంది మేడమ్, తీసుకురావాల్నా?” అని అడిగింది. ఆయాసమైతే ముందు ఒక ఫిజీషియన్‌కి చూపించి, ఈసీజీ తీయించి, ఆ తర్వాత నా దగ్గరికి రమ్మన్నాను. వచ్చేటప్పుడు డబ్బా మర్చిపోవద్దన్నాను.